లోపలి చెయ్యి, బయటి చెయ్యి

ఏరా పిల్లలూ, కడవ మెడ సన్నగా ఉంటుంది కదా. మరి దాని పొట్ట లోపలివైపు అంత నున్నగా ఎలా వస్తుందో చెప్పండి చూద్దాం? తెలియదా? అయితే ఇలా దగ్గరికి జరగండి.

అనగా అనగా, మీ ముత్తాతకు ముత్తాత కూడా పుట్టని రోజుల్లో, మణిమంతమనే రాజ్యంలో ఒక గొప్ప విద్యాపీఠం ఉండేది. అక్కడ చదువు ముగించినవాళ్లకు ఒక ఆఖరి పరీక్ష. ఊళ్లోని చిన్నబిడ్డను జతగా పెట్టుకుని, బాటసారుల చలివేంద్రానికి కడవ చేయాలి. అందులో నీళ్లు నిలిస్తేనే పట్టా. మూడుసార్లూ తప్పితే మళ్లీ ఏడాది చదువు. రేపు ఊరిని నడిపించాల్సినవాడికి ఊరితో కలిసి పనిచేయడం రావాలి కదా, అందుకని.

సునందుడనే విద్యార్థి మహా తెలివైనవాడు. తర్కంలో అతన్ని ఓడించినవారు లేరు. అతనికి జతగా పైడి వచ్చింది. ముందుపళ్లు ఊడిన చిన్నపిల్ల.

"నువ్వక్కడ కూర్చో తల్లీ. మట్టి ముట్టుకోకు. అంతా నేను చూసుకుంటా" అన్నాడు సునందుడు.

"చూసుకో అన్నయ్యా" అని పైడి గడ్డిపరకలకు ముడులు వేసుకుంటూ కూర్చుంది.

ఆ పని ఎలాగో చెబుతాను వినండి. కుమ్మరి సారె మీద తిప్పిన కుండ మొదట మందంగా ఉంటుంది. కాస్త ఆరాక, లోపల నున్నని రాయి ఆనించి, బయట చెక్కతో తట్టాలి. తట్టగా తట్టగా గోడ పలచబడి, పొట్ట గుండ్రంగా వస్తుంది.

సునందుడి చెయ్యి కడవ మెడ దాటలేదు. సరేలెమ్మని బయట మాత్రం తట్టి, చూడచక్కగా చేశాడు. కుండలు కాల్చే ఆవంలో పెట్టగానే, మందంగా మిగిలిన అడుగు ఠప్పున పగిలింది.

"నీ చెయ్యి గుమ్మడికాయంత ఉంది, లోపలికెలా పోతుంది?" అంది పైడి. "నాది పెట్టనా?"

రెండోసారి పైడి చెయ్యి సులువుగా దూరింది. సునందుడు గబగబా తట్టడం మొదలుపెట్టాడు. పైడి రాయి ఒకచోట, అతని చెక్క ఒకచోట. ఆనిక లేని గోడ లోపలికి కుంగి, పిల్ల వేళ్లను నొక్కేసింది. పైడి చెయ్యి లాక్కుని ఏడ్చింది. కడవ కూలిపోయింది.

ఏడుపు విని గురువుగారు వచ్చారు. "ఎవరు చెడగొట్టారు నాయనా?"

పిల్ల చెయ్యి కదిపింది అంటే సరిపోయేది. కడవ లోపల జరిగింది ఎవరు చూశారు గనక? కానీ సునందుడు తలదించుకుని, "నేనే గురువుగారూ. తన చెయ్యి ఎక్కడుందో నేను అడగలేదు" అన్నాడు.

గురువుగారు మరో ముద్ద మట్టి తెచ్చిపెట్టి వెళ్లిపోయారు.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"తగ్గింది. ఈసారి నేను ఊఁ అంటేనే కొట్టు."

మూడోసారి మొదలైంది.

"ఎక్కడున్నావు?"

"ఇక్కడ." టప్.

"ఇప్పుడో?"

"కాస్త కిందికి. ఆగాగు, ముక్కు దురదేస్తోంది."

అంతటి తర్కపండితుడూ చెక్క ఎత్తిపట్టుకుని, ఆ పిల్ల ముక్కు గోక్కునేదాకా ఆగాడు. ఎంత ఓపికో చూడండి. మళ్లీ ఊఁ, టప్. ఊఁ, టప్. కడవ పొట్ట నిండుచంద్రుడిలా తేలింది. ఆవంలోంచి తీసి వేలితో కొడితే ఖంగుమంది.

పట్టాలిచ్చే రోజున సభలో ఆ రాజ్యపు రాజుగారు స్వయంగా నీళ్లు పోసి చూశారు. చుక్క కారలేదు.

"భేష్. ఇందులో నీ పనెంత?" అని అడిగారు.

"బయటి పని నాది ప్రభూ. లోపలి పనంతా ఈ పిల్లది."

రాజుగారికి కొంటెతనం ఎక్కువ. "నీళ్లు నిలిచేది లోపలే కదా. అయితే పట్టా ఈ పిల్లకే ఇవ్వాలి."

తర్కంలో ఓటమెరగని సునందుడు వాదించలేదు. పైడి మాత్రం రాజుగారిని ఎగాదిగా చూసింది.

"బయట అన్నయ్య తట్టకపోతే లోపలెక్కడిది? నీకామాత్రం తెలీదా?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, సునందుడికి పట్టా ఇచ్చారు. ఆ పూట చలివేంద్రంలో కడవ వంచింది సునందుడు. దాహంతో వచ్చినవాళ్ల దోసిళ్లలోకి ముంతతో నీళ్లు పోసింది పైడి.

చిన్నచెయ్యి ఎక్కడుందో అడిగి కదిలే పెద్దచెయ్యి చేసిన పనే పదికాలాలు నిలుస్తుంది. ఇది గుర్తుంచుకోండి. నేను లేస్తాను మరి, చింతపండు పిక్కలు తీయడం సగంలోనే ఆగిపోయింది.