గంగమ్మ ఎవరిని వెతుకుతోంది?

ఒకప్పుడు సముద్రానికి రావడం, పోవడం తెలీదు పిల్లలూ. కుండలో నీళ్ళలా ఉన్నచోటే ఉండేది. గవ్వలరేవు అనే చిన్న రేవులో ఏ పూట చూసినా మొలలోతు నీళ్ళే. వేలెడు ఎక్కవు, వేలెడు తగ్గవు.

ఆ రేవులో కాసులమ్మ ఉండేది. అమ్మా నాన్నా పోయారు. పుట్టింటివైపు మిగిలింది ఒక్క తమ్ముడు, దానయ్య. ఏటా తెరచాప పడవ వేసుకుని అక్కను చూడ్డానికి వచ్చేవాడు.

ఆ ఏడూ వచ్చాడు. కడుపునిండా తిన్నాడు. తిరిగి వెళ్ళేనాడు కాసులమ్మ తేగలు, ఎండుచేపలు, బెల్లం పడవలోకి ఎక్కిస్తూనే ఉంది.

"చాలే అక్కా! సముద్రం ముంచకపోయినా నీ మూటలే ముంచేస్తాయి నన్ను."

"నోర్ముయ్యరా! బయల్దేరేటప్పుడా ఆ మాటలు? గంగమ్మకి దండం పెట్టుకో."

పెట్టుకున్నాడు. కొబ్బరికాయ కొట్టాడు. కదిలాడు.

తెరచాప గాలికి పొంగింది. అప్పుడు చూసింది కాసులమ్మ. చాప నడిమి కుట్టు ఊడిపోతోంది!

"తమ్ముడూ" అన్న కేక గొంతుదాకా వచ్చింది. గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సముద్రం మీదికి వెళ్ళేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు కదా! పిలిస్తే కీడు కదా! 'వాడే చూసుకుంటాడులే' అనుకుంది. పడవ చుక్కంతయింది. ఆ చుక్కా పోయింది.

సాయంత్రం గాలివాన. దానయ్య ఇల్లు చేరలేదని తర్వాత కబురొచ్చింది.

కాసులమ్మ రేవులో కూలబడింది. "తల్లీ గంగమ్మా! ఒక్క కేక వేసుంటే బతికేవాడు. నా తమ్ముణ్ణి నాకిచ్చెయ్యి!"

ఆ ఏడుపుకి గంగమ్మ కదిలిపోయింది. "నేను తీసుకోలేదమ్మా. గాలి లాక్కుపోయింది. నా కడుపు పెద్దది, ఎక్కడ పడ్డాడో నాకే తెలీదు. వెతికి తెస్తా. ఇక్కడే ఉండు."

నీళ్ళన్నీ కొంగులా పోగుచేసుకుని వెనక్కి వెళ్ళింది. మొదటిసారి రేవు ఎండింది. పడవలు బురదలో ఒరిగాయి.

"నీళ్ళేవే?" అంది ఒక ఎర్రపీత.

"నన్నడుగుతావేం? నేను తాగానా?" అంది ఇంకోటి.

గంగమ్మ తిరిగొచ్చింది. విరిగిన కర్రముక్క ఒడ్డున పెట్టింది.

"ఇది మీవాడి పడవదేనా?"

"కాదు తల్లీ."

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. తాడుముక్క తెచ్చింది. "ఇదేనా?"

"కాదు తల్లీ."

ఏళ్ళు గడిచాయి. కాసులమ్మ జుట్టు నురగలా తెల్లబడింది. ఒకనాడు గంగమ్మ గవ్వ తెచ్చి ఒడ్డున పెట్టి, "ఇదేనా?" అంది. బదులు లేదు. వినపడలేదేమో అనుకుని, అలలన్నీ ఆపి, చెవి ఒగ్గి నిలబడింది.

కాసులమ్మ ఆ తెల్లవారుజామునే కన్నుమూసింది.

"ఇక చాలు తల్లీ, అక్కా లేదు, తమ్ముడూ లేడు అని చెప్పేద్దాం" అనుకున్నారు రేవులోవాళ్ళు. కానీ ఆ తల్లి ముఖం చూసి ఎవరంటారు? నోరు పెగిలేలోగా ఆమె వెనుదిరిగింది. వెళ్ళేవాళ్ళని వెనకనుంచి ఎవరు పిలుస్తారు?

అప్పటినుంచే, పిల్లలూ, సముద్రం రోజూ రెండుసార్లు రేవులోకి వస్తోంది. అది పోటు. నాచో, గవ్వో, కర్రముక్కో ఒడ్డున పెడుతుంది. నిండిన నీళ్ళు కాసేపు కదలకుండా నిలబడతాయి, చూడండి. బదులు కోసం. రాదు. వెనక్కి వెళ్ళిపోతుంది. అది పాటు.

ఇవాళ్టికీ ఆమెను ఎవరూ వెనక్కి పిలవలేదు.