కర్ర దించమన్న ఐలవ్వ

గుట్టలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక గొర్రెల మంద వెంట ఐలవ్వ అనే ముసలామె తిరిగేది. నా అన్నవాళ్లు లేరు. కాపరులకు జొన్న గట్క వండిపెట్టి, మిగిలింది తినేది.

ఆ ఏడాది తోడేళ్లు పట్టపగలే గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. నీళ్లు ఇంకిపోతున్నాయి. మంద నిలవదు, మనుషులు నిలవరు. మందపెద్ద బీరయ్య కాపలాకని ఎక్కడినుంచో ఒక కుక్కపిల్లను తెచ్చాడు.

"తోక ఆడిస్తున్నది. మంచిదే" అన్నాడు.

"ఆడిస్తలేదు కొడుకా. బిగబట్టి వణికిస్తున్నది. నోరు మూసింది, చెవులు వెనక్కి పోయినయ్. భయమది. చెయ్యి పెట్టకు" అంది ఐలవ్వ.

బీరయ్య వినలేదు. ఒక చేత కర్ర పట్టుకునే, రెండో చెయ్యి దాని తల మీద వేశాడు. పిల్ల కసుక్కున కరిచింది.

"ఇది మందకు పనికిరాదు, విడిచిపెట్టండి!" అని కాపరుల మీద అరిచాడు.

"మూడు రోజులాగు, కొడుకా."

"మూడో రోజు మంద కదులుతది. అప్పటికి మచ్చిక కాకుంటే దాంతో పాటు నువ్వూ ఈడనే ఉండు అవ్వా!"

మొదటి రోజు ఐలవ్వ పక్కకు తిరిగి నేల మీద కూర్చుంది. దాని కళ్లలోకి చూడలేదు. పిల్ల చుట్టూ తిరిగింది, తిరిగింది, దగ్గరికి రాలేదు.

రెండో రోజూ పక్కకు తిరిగి కూర్చుంది. పిల్ల ఆవులించింది, మూతి నాక్కుంది. "దానికి నిద్రొస్తున్నది" అని కాపరులు నవ్వారు.

"నిద్ర కాదు. మనసు కుదురుతలేదు" అంది. ఆమె మనసూ కుదరడం లేదు. లేవబోయేది, మళ్లీ కూర్చునేది. ఒంటరిగా మిగిలితే తోడేళ్లు ముసలిదాన్ని విడిచిపెడతాయా?

మూడో రోజు కాపరులు గొంగళ్లు భుజాన వేసుకున్నారు. మంద కదిలింది. ఎవరూ ఆగలేదు. దూరాన దుమ్ము కూడా అణిగిపోయాక, పిల్ల ఒళ్లంతా ఒక్కసారి దులుపుకుంది. ముందుకాళ్లు నేలకు పరిచి, నడుము పైకెత్తి, ఆటకు రమ్మన్నట్టు ఆమెను చూసింది. తోక వదులుగా ఊగింది.

ఐలవ్వ లేచి మంద పోయిన దారిన నడిచింది. వెనక్కి చూస్తే బెదురుతుందని చూడలేదు. చూడాలని మెడ లాగుతోంది. గుట్ట దాటింది, వాగు దాటింది, తుమ్మల తోపు దాటింది. అప్పుడు మడమకు తడి ముక్కు తగిలింది.

మందను కలుసుకునేసరికి, వెనకే వస్తున్న పిల్లను చూసి బీరయ్య కర్ర ఎత్తాడు.

"కర్ర దించు. పక్కకు తిరిగి కూసో."

అంత పెద్దమనిషీ కూర్చున్నాడు. పిల్ల అతని చేతిని, తాను కరిచిన చోటే, చాలాసేపు వాసన చూసింది. ఆ పక్కనే ఒళ్లు వాల్చింది.

"అవ్వా, నిన్ను విడిచొచ్చిన" అన్నాడు బీరయ్య, తలెత్తకుండా.

"నేనూ వచ్చిన కదా. లేవకు, పండుకోనీ దాన్ని" అంది.

ఎన్నో ఏళ్లకు, ఒక ఎండాకాలం, మంద వెంట నడుస్తూనే ఐలవ్వ కన్నుమూసింది. ఆమెకు గుడి లేదు, పేరు చెక్కిన రాయి లేదు. కానీ ఆ గుట్టల కాపరులు ఇప్పటికీ కొత్త కుక్కపిల్ల వస్తే కర్రలు నేలన పెడతారు. పక్కకు తిరిగి కూర్చుంటారు. ఎవరైనా తొందరపడి చెయ్యి చాపితే, "ఆగు, ఐలవ్వ ఇంకా చూస్తున్నది" అంటారు.