అనపకాయలు ఒలిచే మర

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చలికాలం వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేదు, ముక్కుకే తెలిసేది. మంచు పడగానే అనపచేను ఘుమఘుమలాడేది. అనపకాయలంటే తెలుసు కదా పిల్లలూ? చిక్కుడుకు చెల్లెలు అనుకోండి. పొట్టు ఒలిస్తే లోపల మూడో నాలుగో గింజలు పచ్చగా, నున్నగా ఉంటాయి.

ఆ చేను జంతువులన్నీ కలిసి వేసుకునేవి. అడవిపందులు నేల తవ్వేవి. కుందేళ్లు విత్తనాలు వేసేవి. కోతకు అందరూ వచ్చేవారు. ఒలవడానికి మాత్రం ఒక్కరి దగ్గరికే పోయేవారు. ఆమె పేరు సుంకులవ్వ, ముసలి కొండముచ్చు.

ఎందుకు ఆమె దగ్గరికే? ఆలోచించండి. కుందేలు కాయ పట్టుకుని ఒలవగలదా? పంది ఒలవగలదా? సుంకులవ్వకు మన లాంటి చేతులున్నాయి. ఆ పది వేళ్లూ కాయ మీద పడితే, రెప్ప వేసి తీసేలోగా గింజలు చాటలో ఉండేవి.

ఇంకో సంగతి కూడా తెలియాలి. పచ్చికాయలు కుప్ప పోస్తే మూడు రోజుల్లో ఒలిచేయాలి. లేకపోతే కుప్ప లోపల వేడి పుడుతుంది. బూజు పడుతుంది. ఒలిచిన గింజలు ఎండబెట్టుకుంటేనే వేసవిలో అందరికీ తిండి.

ఆ ఏడు చేను విరగకాసింది. సుంకులవ్వ గుహ ముందు పాముల పుట్టంత కుప్ప! అవ్వ మురిసిపోతూ కూర్చుని మొదటి కాయ తీసింది.

"అబ్బా!" అని వెంటనే వదిలేసింది. వేళ్లు వాచిపోయి ఉన్నాయి. బొటనవేలు వంగడమే లేదు.

పక్క బొరియలో ఓబులేసు అనే ముళ్లపంది ఉండేవాడు. పళ్లతో కొయ్యను చెక్కాడంటే వడ్రంగి చెక్కినట్టే ఉండేది. అడవిలో ఏది విరిగినా అతని దగ్గరికే వచ్చేది. అవ్వ కేక విని పరుగెత్తుకొచ్చాడు.

"చెయ్యి చూపించవ్వా. అయ్యో, ఇట్లా వాచిందేమి? నువ్వు ఇంక కాయ ముట్టొద్దు. నేను ఒలిచే మర చేస్తా!"

"మరా? అట్లనే చెయ్యి నాయనా," అంది అవ్వ. "అయితే కాసేపు కూర్చో. నేను కాయ ఎట్లా ఒలుస్తానో చూసి చెయ్యి."

"కాయ ఒలిచేదాంట్లో చూసేదానికి ఏముందవ్వా? పిల్లకుందేలు కూడా చెప్తుంది. చీలిస్తే గింజ వస్తుంది, అంతే!"

అని చెప్పి, ముళ్లు గలగలలాడిస్తూ వెళ్లిపోయాడు.

మొదటి మర మధ్యాహ్నానికే తయారైంది. లోపల డొల్లగా ఉన్న మొద్దు తెచ్చాడు. అందులో కాయలు పోశాడు, గులకరాళ్లు పోశాడు. రెండు పక్కలా మూత పెట్టి వాలు మీద దొర్లించాడు. డడడడ... డబ్! మొద్దు కింద పడింది. అందరూ మూగారు. ఓబులేసు మూత తీశాడు.

కొమ్మ మీద యల్లక్క కూర్చుని ఉంది. యల్లక్క అంటే గోరింక. ఆమె నోటికి మూత లేదు.

"ఓబులేసా, గింజలు ఏవి నాయనా? పచ్చడి కనిపిస్తాంది. ఉప్పూ మిరపకాయా తెచ్చేదా?"

అందరూ పడీపడీ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. కానీ ఆ రోజు గడిచిపోయింది.

రెండో రోజు బాగా ఆలోచించాడు. రెండు గుండ్రటి కర్రలు చెక్కాడు. మీ అమ్మ చపాతీలు చేసే కర్ర ఉంటుంది చూడండి, అలాంటివి రెండు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి, సన్నటి సందు వదిలాడు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరగాలి. తిప్పడానికి ఒక పిడి. మేకులేవీ అని అడుగుతారేమో, తన ముళ్లే పీకి బిగించాడు! కర్రలను గీకి గీకి అద్దంలా నున్నగా చేశాడు.

కాయ పెట్టి పిడి తిప్పాడు. కర్రలు నున్నగా ఉన్నాయి కదా, కాయ జారిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. ఓబులేసుకు కోపం వచ్చింది. ఒక పుల్ల తీసుకుని కాయను సందులోకి బలంగా తోశాడు. చిటుక్! గింజలు చితికి రసం కారింది.

సందు కొంచెం పెంచి మళ్లీ తిప్పాడు. ఈసారి కాయ అటు దూరి, ఇటు పడింది. పొట్టు మీద గీత కూడా పడలేదు.

"కాయమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగింది యల్లక్క.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అడవిపంది కుప్పలోకి మూతి పెట్టి చటుక్కున వెనక్కి తీసింది.

"ఓబులేసన్నా, లోపల వెచ్చగా ఉంది."

ఓబులేసు కూడా కాలు పెట్టి చూశాడు. పొయ్యి పక్కన పెట్టినట్టే ఉంది. ఇంక ఒక్క రోజే! ఇన్ని కడుపుల తిండి బూజు పట్టబోతోంది. అవ్వను ఒలవద్దన్నది తనే. తల వంచుకుని అవ్వ గుహకు వెళ్లాడు.

లోపల అవ్వ ఏం చేస్తోందో తెలుసా? అటు తిరిగి కూర్చుని, పళ్లతో ఒక్కొక్క కాయా ఒలుస్తోంది. పక్కన గుప్పెడు గింజలు.

"ఏందవ్వా ఇది! ముట్టొద్దన్నా కదా?"

"చేత్తో ముట్టలేదు కదరా," అంది అవ్వ. నవ్వుతుంటే పెదవి మీద చిన్న నెత్తుటి చుక్క కనిపించింది.

ఓబులేసు అక్కడే కూలబడ్డాడు. "అవ్వా, నాకు తెలుసనుకున్నా. ఏమీ తెలియదు. నీ చెయ్యి ఎట్లా పోతుందో ఒక్కసారి చూపిస్తావా? ఈసారి కదలకుండా చూస్తా."

అవ్వ ఒక కాయ తీసుకుంది. వేళ్లు నొప్పి పెడుతున్నా మెల్లగా చూపించింది.

"కాయకు ఒక తల, ఒక తోక. కొమ్మకు అంటుకున్నది తల. నేను ఎప్పుడూ తోక దగ్గరే మొదలుపెడతా, అక్కడ సన్నగా ఉంటుంది. ఇప్పుడు చెప్పు, నేను గింజను తోస్తున్నానా?"

ఓబులేసు ముక్కు దగ్గరికి పెట్టి చూశాడు. "లేదవ్వా. పొట్టును లాగుతున్నావు!"

"అదీ! పొట్టును గట్టిగా పట్టి లాగితే, గింజ తనే ఇవతల దూకుతుంది. దాన్ని తోయగూడదు, నొప్పించగూడదు. నా వేళ్లు గరుకు కదా, అందుకే పొట్టు జారదు."

"గరుకు!" అని ఓబులేసు ఎగిరి గంతేశాడు. "నేను అద్దంలా నున్నగా చేశానే!"

మూడో రోజు పొద్దు పొడిచేసరికి కర్రలకు ఈతనార చుట్టేశాడు. సందును గింజ పట్టనంత సన్నగా చేశాడు. పుల్లను దూరంగా విసిరేశాడు. కాయను తోక వైపు నుంచి అందించి, పిడి తిప్పాడు.

కర్రలు పొట్టును పట్టుకున్నాయి. మెల్లగా అవతలికి లాగాయి. గింజలు సందులో పట్టక, టప్, టప్, టప్ అని ఇవతల చాటలోకి దూకాయి!

"వచ్చాయి! వచ్చాయి!" అని అడవంతా ఒకటే కేకలు. ఇంక చూడండి సందడి! కుందేళ్లు కుప్పను పరిచి చల్లార్చాయి. పందులు వంతులేసుకుని పిడి తిప్పాయి. యల్లక్క ముక్కుతో కాయలు అందిస్తూ, "తోక ముందు! తోక ముందు!" అని తానే నేర్పినట్టు అరిచింది. నడుమ రెండుసార్లు మర ఇరుక్కుంది. రెండుసార్లూ అందరూ "అవ్వా!" అనే పిలిచారు. అవ్వ వచ్చి, చూసి, సందు సరిచేయించింది.

పొద్దు వాలేసరికి కుప్ప లేదు. బండ మీద పచ్చటి గింజలు ఆరుతున్నాయి. చివరికి ఒక్క కాయ మిగిలింది.

"ఇది నువ్వే వెయ్యవ్వా," అన్నాడు ఓబులేసు.

సుంకులవ్వ కాయ అందించి, మోచేత్తో పిడి తిప్పింది. గింజలు దూకాయి. ఆమె వంగి ఆ రెండు కర్రలనూ చాలాసేపు చూసింది. తర్వాత తన వాచిన చేతులు వాటి పక్కన పెట్టుకుని పకపకా నవ్వింది.

"ఒరే ఓబులేసా, ఇవి కర్రలు కాదురా. నా చేతులే! నొప్పి లేని చేతులు!"

నీతి: ఒకరి కష్టం తీర్చాలని మనసుంటే చాలదు. ఆ కష్టం పడిన చేతిని ముందు అడిగి తెలుసుకోవాలి.