నూకరత్నం కళ్ళజోడు

మా గురువు భావనారాయణగారికి ఒక పాడలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పేవారు కాదు. తన కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మనకేదో పని పురమాయించేవారు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే మన ఖర్మ. కాకినాడ జగన్నాథపురం వంతెన అవతల ఆయన కళ్ళజోళ్ళ కొట్టు ఉండేది. అక్కడ నేనూ ముక్తేశమూ ఆరేళ్ళు పని నేర్చుకున్నాం. అద్దం అరగదియ్యడం, ముక్కు మీద ఫ్రేము కూర్చోబెట్టడం ఎవరైనా నేర్పుతారు. ఈయన నేర్పింది వేరు. అదేమిటో చెప్పమంటే ఇన్నేళ్ళైనా నాకు మాట దొరకదు. జరిగింది మాత్రం చెప్పగలను.

ముక్తేశం తెలివైనవాడు. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది కూడా వాడే. ఒకనాడు రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని, కంటి డాక్టరు రాసిన చీటీ పట్టుకుని వచ్చింది. పిల్ల పేరు నూకరత్నం. ఎడమకన్ను ముక్కువైపు ఒరిగిపోయి ఉంది. చీటీలో రెండు కళ్ళకీ ప్లస్ అయిదు రాసి ఉంది. డాక్టరుగారు చెప్పిన మాటలు ఆ తల్లి పాఠంలా అప్పజెప్పింది. పిల్లకి దగ్గరివి ఆనవట. బిగబట్టి, బలవంతాన చూస్తుందట. ఆ బిగువుకే కన్ను లోపలికి తిరిగిపోతోందట. తిరిగిన కన్ను చెప్పేది మెదడు వినడం మానేస్తోందట. ఇప్పుడు జోడు పెట్టకపోతే పెద్దయ్యాక ఎంత మంచి జోడు పెట్టినా ఆ కంటికి చూపు రాదట. చెబుతూ చెబుతూ ఆవిడ పిల్ల తల నిమురుతూనే ఉంది.

మావాడు ఊరుకుంటాడా? పిల్లని బొమ్మల పటం ముందు నిలబెట్టాడు. గొడుగు, కోడి, గిన్నె, తాళంచెవి అంటూ చివరి వరసదాకా గడగడా చెప్పేసింది. గురువుగారు లేచి వచ్చి, పిల్ల కుడికన్ను అరచేత్తో మూశారు. ఈసారి మొదటి బొమ్మ చెప్పింది. రెండో వరసకి మెడ ముందుకి సాచింది. ఆ తరవాత, "అక్కడేం లేవు" అంది.

వాళ్ళు వెళ్ళాక ముక్తేశం ఉండబట్టలేక అడగనే అడిగాడు. "ఎడమకన్నంటే సరే గురువుగారూ. రెండూ తెరిస్తే అన్నీ కనబడుతున్నాయి కదా, కుడికంటికి కూడా అంత మందం అద్దమా? కనబడేవాళ్ళకి కళ్ళజోడెందుకు?"

గురువుగారు జోడు తీశారు, తుడుచుకున్నారు, పెట్టుకున్నారు. "మంగళవారం ఇవ్వాలి కదా. నువ్వే పెట్టు ఆ పిల్లకి" అన్నారు.

మంగళవారం తల్లి రాలేదు, మామ్మ వచ్చింది. పేరు వీరాయమ్మ. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, గుమ్మంలోనే నిలబడి, "ఆ జోడు మాకొద్దు బాబూ, మా కోడలికి తెలీక చేయించింది" అంది. ఎందుకని అడిగితే చెప్పింది. రెండేళ్ళ కిందట తుఫానులో వాళ్ళబ్బాయి పడవ తప్పిపోయిందట. ఎనిమిది రోజులు జాడ లేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే పిల్లకి నీళ్ళు పోస్తూ చూస్తే ఎడమకన్ను మెల్ల తిరిగి ఉంది. మధ్యాహ్నానికి పడవ రేవుకొచ్చింది. "మెల్లకన్ను అదృష్టమని మా అమ్మ అనేది. నేను కళ్ళారా చూశాను. నా కొడుకు వెళ్ళి ఇవాళ్టికి అయిదు రోజులు. రేపు రావాలి. ఈ సమయంలో ఆ కన్ను సరిచెయ్యమంటే నేను చెయ్యను."

"మెల్లకన్ను అదృష్టమేంటండీ మామ్మగారూ, చాదస్తం కాకపోతే!" అన్నాడు ముక్తేశం.

ఆవిడ వాడివైపు తిరిగింది. "నీ కొడుకు సముద్రం మీదున్నాడా బాబూ?"

వాడు చేతిలోని జోడు బల్ల మీద పెట్టేశాడు. నిజం చెప్పాలంటే ఆవిడతో వాదించడానికి నాకు మనసు రాలేదు. ఒక పక్క పిల్ల కన్ను, ఒక పక్క కొడుకు ప్రాణం. చాదస్తమని మనం అనొచ్చు. తల్లి తూచే తక్కెడ మన చేతిలో ఉండదు కదా.

గురువుగారు స్టూలు లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. తుఫాను గురించీ అడగలేదు, కన్ను గురించీ అడగలేదు. "మీ ఆయన కూడా వల లాగేవారామ్మా?" అన్నారు.

"ముప్పై ఏళ్ళు లాగాడు."

"లాగి వచ్చాక చెయ్యి ఎలా ఉండేది?"

ఆవిడ తన కుడిచెయ్యి ఎత్తి వేళ్ళు కొక్కెంలా ముడిచి చూపించింది. "ఇదిగో, ఇలా బిగుసుకుపోయేది. ముద్ద కూడా కలుపుకోలేకపోయేవాడు. వేణ్ణీళ్ళలో పెట్టి, కొబ్బరినూనె రాసి, ఒక్కొక్క వేలూ నేనే విప్పేదాన్ని."

"ఎందుకమ్మా విప్పడం? చేపలు తెచ్చిన చెయ్యి. ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉంచితే కలిసొచ్చేదేమో."

ఆవిడ ముడిచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. గురువుగారే మెల్లగా అన్నారు. "ఈ కన్ను మీ అబ్బాయిని లాక్కొచ్చిందంటున్నారు. నేను కాదనను. కాకపోతే రెండేళ్ళైంది, ఇంకా లాగుతూనే ఉంది."

ఆవిడ ఆ చెయ్యి ఒళ్ళోకి దించుకుని అడిగింది. "వాడు రాకపోతే?"

"నేనేమీ చెప్పలేనమ్మా. వస్తే మాత్రం, పిల్ల వాళ్ళ నాన్నని రెండు కళ్ళతోనూ చూస్తుంది."

ఆవిడ పిల్ల చెయ్యి వదిలింది.

ముక్తేశం జోడు పెట్టాడు. మందపాటి అద్దాల వెనక పిల్ల కళ్ళు ఇంతింత పెద్దవై కనిపించాయి. మొదట ఏమీ జరగలేదు. పిల్ల రెప్పలు కొట్టింది, ముక్కు ఎగబీల్చింది, జోడు లాగబోతే మామ్మ, "ఉండవే" అంది. ఆ తరవాత, ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ ఏమీ చెయ్యకుండా, ఆ ఎడమకన్ను కదిలింది. ముక్కు పక్క నుంచి కొద్దికొద్దిగా జరిగి, మధ్యకొచ్చి నిలిచింది. అంతే. రెండు కళ్ళూ ఒక్కటిగా, తిన్నగా మామ్మని చూశాయి. ఆ కొట్టులో నేను వందల జోళ్ళు పెట్టాను, కానీ ఇలాంటిది చూడలేదు. దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలియలేదు.

పిల్ల చూపు మామ్మ ముంజేతి మీద పడింది. అక్కడ పాతకాలపు పచ్చబొట్టు, చిన్న చేప. వేలు పెట్టి తడిమి, "మామ్మా! నీ చేపకి కన్నుంది!" అంది.

ఆవిడ తన చేతిని తనే కొత్తగా చూసుకుంది. పుట్టిన దగ్గర్నుంచి ఆ చేతిలోనే పెరిగిన పిల్ల. తరవాత ఆవిడ పిల్ల జోడు తీసి చూసింది. కన్ను మళ్ళీ లోపలికి ఒరిగింది. ఆవిడ, ఎవరూ చెప్పకుండానే, తన చేత్తోనే జోడు మళ్ళీ పెట్టి, కొంగుతో పిల్ల ముక్కు తుడిచి, తీసుకెళ్ళింది.

బుధవారం పడవ రాలేదు. గాలి మొదలైంది. గురువారం పొద్దున్న గురువుగారు పిల్ల జోడు జారకుండా వెనక కట్టే తాడు మరిచిపోయామంటూ మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని రేవుకి బయలుదేరారు. ఆ తాడు ఆయన మరిచిపోయారంటే నేను ఇప్పటికీ నమ్మను. రేవులో ఆడవాళ్ళందరూ బారులు తీరి నిలబడి ఉన్నారు. వీరాయమ్మ చంకలో నూకరత్నం, పిల్ల మొహాన జోడు. పక్కనున్న ఒకావిడ చెవి కొరుకుతోంది, "ఆ కన్ను ఎందుకు ముట్టుకున్నావే పిన్నీ" అని. వీరాయమ్మ పిల్లని ఎడమచంకకి మార్చుకుంది. సముద్రం మీద ఏదైనా నల్లగా కనిపించి, అది వాళ్ళ పడవ కాదని తేలినప్పుడల్లా, ఆవిడ కుడిచెయ్యి పిల్ల జోడు దాకా వెళ్ళేది. వేళ్ళు ఫ్రేముని పట్టుకునేవి. పట్టుకుని, కాసేపు ఆగి, వదిలేసేవి. నేను చూస్తుండగానే నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగుసార్లూ ఉత్తినే తిరిగొచ్చింది.

మిట్టమధ్యాహ్నం వేళకి పడవ వచ్చింది. ఇంజను పాడై ఒక రోజు ఆలస్యమైందట. ఆ అబ్బాయి నడుములోతు నీళ్ళలోకి దూకి, పరుగున వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు. పిల్ల రెండు చేతులతో తండ్రి మొహం పట్టుకుని, ముక్కుకి ముక్కు తగిలేలా, కనుబొమలూ గడ్డమూ మీసమూ ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయింది. వాడు నవ్వబోయి ఏడ్చేశాడు. వీరాయమ్మ ఇసకలో కూలబడిపోయింది.

తిరిగి వస్తుంటే మావాడికి నేల మీద కాలు నిలవలేదు. "చూశారా గురువుగారూ! మెల్ల సర్దుకుంది, పడవా వచ్చింది. ఇప్పటికైనా ఆ ముసలమ్మకి తెలిసొచ్చి ఉంటుంది. ఇక నాకు అన్నీ అర్థమైపోయాయి" అన్నాడు.

గురువుగారు వంతెన మధ్యలో ఆగి, జోడు తీసి, పంచె చెంగుతో చాలాసేపు తుడిచారు. పెట్టుకున్నాక వాడి మొహంలోకి చూశారు.

"పడవ రావడం అందరమూ చూశాం ముక్తేశం. రాకముందు ఆవిడ చెయ్యి చూశావా?"