బాలింత కారానికి ఇంటి వెల్లుల్లి

మా ఇంట్లో నలుగురం. నలుగురికీ తెలివి ఎక్కువే. కొంచెం బయటివాళ్ళకి పంచుదామన్నా ఎవరూ తీసుకోరు. ఎవరైనా ఒక మాట చెప్తే నాన్న అక్షరం పొల్లుపోకుండా చేస్తాడు. నాన్న వదిలేసింది గవర్రాజు బాబాయి చేస్తాడు. బాబాయి వదిలేసింది అమ్మ చేస్తుంది. ముగ్గురూ కలిసి ఏం వదిలేశారో చూసి చెప్పడానికి నేనున్నాను. బోటనీలో డిగ్రీ, ఫస్ట్ క్లాసు.

మా ఝాన్సీ అక్కకి ఐదో నెల రాగానే వాళ్ళ అత్తగారు సుభద్రమ్మగారు వచ్చి తేల్చి చెప్పేసింది.

"పురుడు మీ ఇంట్లోనే పోయండి అన్నయ్యగారూ, కాదనను. కానీ పదకొండో రోజున నేనొస్తా. మీ పెరట్లో పండిన వెల్లుల్లితో కారం కొట్టి పిల్లకి పెట్టారా, మూడు నెలలు ఇక్కడే ఉంచుతా. లేదా, ఆ రోజే తల్లినీ బిడ్డనీ తీసుకుపోతా. మీ ఇంటి తెలివి సంగతి నాకు తెలుసు."

"మరీ పొగుడుతున్నారు," అని నాన్న సిగ్గుపడ్డాడు.

అక్క నన్ను పక్కకి లాగింది. "ఎలాగైనా పండించండే. బాలింతగా ఆవిడ దగ్గరుంటే ఆవలించడానికి కూడా అడిగి ఆవలించాలి."

పక్కింటి నూకరత్నం పిన్ని పెరట్లో పండనిది లేదు. వెళ్ళి అడిగాం.

"ఏముంది బావగారూ? రెబ్బలు విడదీసి, మొన పైకి పెట్టి, వేలెడు లోతులో పాతండి. రోజూ మట్టిలో వేలు పెట్టి చూడండి. తడుంటే నీళ్ళు పోయకండి."

అంతే. ముప్పై ఆరు రెబ్బలు పాతాం. మర్నాటినించి వేలు పెట్టడం మొదలుపెట్టాం. ఎక్కడ పెట్టాలో పిన్ని చెప్పలేదు, అందుకని రెబ్బ ఉన్నచోటే పెట్టాం. ఒక్కళ్ళు పెడితే చాలని కూడా చెప్పలేదు, అందుకని నలుగురం పెట్టాం. వారం తిరిగేసరికి బాబాయి, "అన్నయ్యా, రెబ్బ నా వేలికి అందట్లేదు," అన్నాడు.

"మంచిదేరా, బాగా దిగుతోంది," అని నాన్న మురిసిపోయాడు.

"దీన్ని జియోట్రోపిజం అంటారు నాన్నా," అని నేను శాస్త్రం చెప్పాను. బాబాయి గరిటె కాడ తెచ్చి, అందినంత వరకూ పొడిచి తడి చూశాడు.

ఇరవై రోజులైనా ఒక్క మొలకా రాలేదు. పిన్ని వచ్చి తవ్వితే రెబ్బలు మోచేతి లోతులో ఉన్నాయి. "వెల్లుల్లి వేశారా, బావి తవ్వారా?" అని తల కొట్టుకుని, కుళ్ళినవి పారేసి, మిగతావి తనే పైపైన పాతింది. ఆరోజు నించి మా వేళ్ళని పెరట్లోకి రానివ్వలేదు. పది రోజులకి పచ్చగా మొలకలు లేచాయి.

"ఇక వీటిని చంటిపిల్లల్లా చూసుకోండి," అనేసి పిన్ని తన కూతురి ఊరెళ్ళింది.

ఇంకేముంది! అమ్మ కొంగు బిగించింది. ఒక్కో ఆకుకీ నువ్వులనూనె పట్టించింది. నలుగు పెట్టింది. డేగిసాలో నీళ్ళు కాచింది. వేడి సరిపోయిందో లేదో నేను మోచెయ్యి పెట్టి చూశాను. చుర్రుమంది. "చలికాలం కదా, ఉండనీ," అని అమ్మ పోసేసింది. బాబాయి గంప బోర్లించి సాంబ్రాణి పొగ వేశాడు. నాన్న కాటుకతో ఆకాకుకీ దిష్టిచుక్క పెట్టాడు. కాసేపటికి మొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

"ష్! నిద్రపోతున్నాయి," అంది అమ్మ.

రెండు రోజులు ఇంట్లో సైగలతోనే మాట్లాడుకున్నాం. అవి మాత్రం లేవలేదు. నీళ్ళు చాలక స్నానం చేయించని చివరి వరసలో తొమ్మిది మొక్కలు మిగిలాయి.

ఊరినించి వచ్చిన పిన్ని ఆ తొమ్మిదింటినీ చూసి, ఏడుపు ఆపుకుంటూ, "వీటినేం చెయ్యకండి. నీళ్ళు నేను పోస్తా. ఆకులు పండుబారినప్పుడు మాత్రం నీళ్ళు ఆపెయ్యాలి," అంది.

ఆకులు పండుబారాయి. అంతే, బాబాయి పరిగెత్తి మోటారు ఆపేశాడు. నాన్న కుళాయిలు కట్టేశాడు. అమ్మ బిందెలన్నీ బోర్లించింది. అప్పటికి అక్క పురిటికి వచ్చి ఉంది. నాలుక పిడచకట్టుకుపోయి అరిచింది.

"ఆపమంది మొక్కలకి నాన్నా, మనుషులకి కాదు!"

"పిన్ని అలా విడదీసి చెప్పలేదమ్మా," అన్నాడు నాన్న.

పిన్నే గోడ మీంచి అక్కకి చెంబుతో నీళ్ళందించింది. మేం మాత్రం నాలుగు రోజులు మాటకి కట్టుబడి ఒకళ్ళకొకళ్ళు దూరంగా కూర్చున్నాం. ఐదో రోజున వాసన భరించలేక పిన్నే వచ్చి వెల్లుల్లి పీకేసి, మోటారు వేసి, "నీడలో ఆరబెట్టండి," అని ముక్కు మూసుకుని పోయింది.

పొద్దున్న ఇంటి నీడ పడమటి వైపు పడింది. అక్కడ చాప పరిచాం. నీడ జరిగింది. చాప నాలుగు మూలలూ నలుగురం పట్టుకుని మేమూ జరిగాం. సాయంత్రానికి నీడ ప్రహరీ దాటి వీధిలో పడింది, మేమూ వీధిలో పడ్డాం. చందాలకి వచ్చామనుకుని ఒకావిడ పది రూపాయలు వేసింది.

"ఇంట్లో పెట్టొచ్చుగా?" అంది అక్క.

"ఇంట్లో నీడెక్కడుందే? చూపించు," అన్నాను నేను. పాపం, చూపించలేకపోయింది.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పొద్దున్నే సుభద్రమ్మగారు ట్రాలీ ఆటోలో ఉయ్యాల వేసుకుని దిగింది. అమ్మ తొమ్మిది పాయలూ ఒలిచి, నూనెలో వేయించి, కారం కొట్టింది. ఎలా కొట్టాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి అద్భుతంగా కుదిరింది. సుభద్రమ్మగారు మంచం మీద అక్క పక్కనే కూర్చుని, వేడన్నంలో నెయ్యి వేసి ఒక ముద్ద తిని చూసింది. కళ్ళు చెమర్చాయి.

"ఓడిపోయాను అన్నయ్యగారూ. మాటంటే మాటే. ఇదిగో, ఈ మంచం మీదున్నవాళ్ళని మూడు నెలలదాకా కింద కాలు పెట్టనివ్వకండి."

అక్క ఆనందంతో నా చెయ్యి గిల్లింది. మేం గెలిచాం!

మధ్యాహ్నం సుభద్రమ్మగారు వెళ్ళొస్తానంటూ కాలు కింద పెట్టబోయింది.

"కాలు పైకి! కాలు పైకి చెల్లెమ్మగారూ!" అని నాన్న కేకేశాడు. బాబాయి ఆ పాదం పట్టుకుని మళ్ళీ మంచం మీద పెట్టాడు.

"ఇదేం చోద్యమయ్యా! ఆటో ఆగి ఉంది, నేను ఇంటికెళ్ళాలి!"

"వెళ్ళండి, ఎవరొద్దన్నారు? కాలు మాత్రం కింద పెట్టకండి."

పెద్ద చిక్కే వచ్చిపడింది. ఉపాయం మాత్రం నాకే తట్టింది, డిగ్రీ ఊరికే పోలేదు. నాలుగు కోళ్ళూ నలుగురం పట్టుకుని మంచం లేపాం. మంచం మీద అత్తగారు, పక్కన అక్క, అక్క ఒళ్ళో పాప.

"నాన్నా, నన్నెక్కడికి! నన్ను దించండి!" అని అక్క గోల.

"ఊరుకో తల్లీ, మీ అత్తగారి ముందే మాట తప్పమంటావా?"

ట్రాలీ ఆటోలో మంచం భలే పట్టింది. కుదుపులకి ఎవరి కాలూ కింద పడకుండా తాడు కూడా కట్టాం. ఆటో మలుపు తిరిగేదాకా చేతులూపాం.

అమ్మ లోపలికెళ్ళి కారం అన్నం కలిపి, "ఝాన్సీ, తిందువుగాని రావే!" అని పిలిచింది.

"అది కాలు కింద పెట్టకూడదు కదే. ఇలా తే, నేను పట్టుకెళ్తా," అని నాన్న కంచం అందుకుని గదిలోకి వెళ్ళాడు.

గదిలో అక్క లేదు. పాప లేదు. మంచం కూడా లేదు.

"దొంగలు!" అని బాబాయి వీధి అదిరిపోయేలా అరిచాడు.

నేను వెంటనే పోలీసులకి ఫోన్ చేశాను. మంచం ఆఖరిసారి ఎప్పుడు చూశారని అడిగారు.

"ఇందాకే సార్," అన్నాను. "మేమే మోశాం."