గుబురయ్య రాసిన తేనె రిపోర్టు

అనగనగా ఒక అడవి. వానాకాలం వచ్చిందంటే ఆ అడవిలో ఉరుముల కంటే దగ్గులే గట్టిగా వినిపించేవి. అందుకని పిల్లల దగ్గు మందు కోసం పెద్ద కుండ నిండా తేనె పోసి, ఒక గుహలో దాచారు. దానికి కాపలా ఎవరనుకున్నారు? గుబురయ్య అనే ఎలుగుబంటి! నవ్వకండి. ఆ అడవిలో చక్కగా రాయడం వచ్చింది అతనొక్కడికే. సాయంత్రం కాగానే కుండ చూసి, టేకు ఆకు మీద రిపోర్టు రాసి, పెద్ద అధికారి ఏనుగమ్మకు పంపడం అతని ఉద్యోగం.

ఒకనాడు గుబురయ్య కుండ మూత తీశాడు. వాసన చూశాడు. ఒక్కసారి నాకి చూద్దాం అనుకున్నాడు. మూతి తుడుచుకునేసరికి కుండ బాగా వెలితి పడింది.

"తేనె నేను తిన్నాను" అని రాయాలి. రాయబోయాడు. చెయ్యి రాలేదు. బుర్ర గోక్కుని ఇలా రాశాడు: "తేనె తగ్గుట జరిగినది."

అబద్ధం కాదు కదా! తన తెలివికి తానే మురిసిపోయాడు.

ఏనుగమ్మ చదివింది. "దానంతట అదే తగ్గిందంటే కుండకు చిల్లు పడి ఉంటుంది" అని కుండ మార్పించింది. కొత్త కుండ మూతి ఇంకా వెడల్పు. గుబురయ్య తల సుఖంగా పట్టింది.

ఈసారి అతను రాశాడు: "అనివార్య కారణము వలన తేనె మరింత తగ్గుట జరిగినది."

ఏనుగమ్మ ఆ ఆకును అందరి ముందూ చదివింది. కుందేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అమ్మగారూ, అనివార్యకారణం అంటే ఏ జంతువండీ? కొమ్ములుంటాయా?"

ఏనుగమ్మకూ తెలియదు. తెలియదంటే పరువు పోతుంది. "ఉంటాయనే విన్నాను" అంది గంభీరంగా.

అంతే! అడవంతా గగ్గోలు. "పాలు తాగు, లేకపోతే అనివార్యకారణం ఎత్తుకుపోతుంది" అని తల్లులు పిల్లల్ని బెదిరించారు. ఏనుగమ్మ వెళ్లి ఒక పొదలో దాక్కుంది. ఆ పొద ఆమె చెవికి కూడా చాలలేదు.

భయంతో గుహ వైపు తొంగిచూసేవాళ్లు లేక గుబురయ్య కుండ పూర్తిగా ఖాళీ చేశాడు. మూడో ఆకు మీద రాశాడు: "కుండ ఖాళీ అగుట జరిగినది. బాధ్యులెవరో తెలియరాలేదు."

ఆ ఆకు చూసి ఏనుగమ్మతో సహా అందరూ గుహ దగ్గర చేరారు. ఆ రోజే పక్క కొండ నుంచి ఒక అలుగు వానకు తడిసి గుహ దగ్గరికి వచ్చింది. ఒళ్లంతా పెంకులు. అలాంటి జంతువును అక్కడెవరూ చూడలేదు.

"ఇదే అనివార్యకారణం!" అని అరిచింది కుందేలు.

అలుగు భయపడి బంతిలా ముడుచుకుంది. "నేను చీమల్ని తినేదాన్నండీ! తేనె జోలికే పోను!" అంది లోపలి నుంచి.

"చూశారా, తేనె పేరు తనే ఎత్తింది! దొర్లించండి ఏట్లోకి!" అని ఎగిరింది కుందేలు.

అందరూ కలిసి తొయ్యడం మొదలుపెట్టారు. గుహ పక్కనే ఏరు ఉరకలేస్తోంది. గుబురయ్య అలుగు వైపు చూశాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. అలుగు ఉండదు.

"ఆగండి!" అని అడ్డం పడ్డాడు. "తినుట జరిగినది... కాదు కాదు. నేను తిన్నాను. మూడుసార్లూ నేనే తిన్నాను."

తోసేవాళ్లంతా అలుగును వదిలేశారు.

"అయితే కొమ్ముల్లేవా?" అంది కుందేలు, కాస్త నిరాశగా.

ఏనుగమ్మ అలుగుకు క్షమాపణ చెప్పి, కుండ కాపలా ఆమెకే ఇచ్చింది. తేనె మళ్లీ తెచ్చే పని గుబురయ్యకు పడింది. తేనెటీగలు కుట్టి కుట్టి అతని ముక్కు పనసకాయంత అయింది. అయినా తెచ్చాడు. దగ్గే పిల్లలందరికీ తన చేత్తోనే పట్టించాడు. ఆఖరున ఆకుదొన్నెకు ఒక చుక్క అంటుకుని ఉంది. దాన్ని కూడా నాకలేదు. చాలా కష్టమైంది, పాపం!

నీతి: చేసినవాడి పేరు దాచి రాస్తే, ఆ తప్పు చెయ్యనివాడి మీద పడుతుంది.