గోడ మీది మబ్బు

ఒక ఊళ్ళో బొరుగులమ్మే ఆవిడ ఉండేది. ఆమెకు బొమ్మలు వేయడం రాదు. అయినా వేసేది.

పొద్దున ఇసుకలో బొరుగులు వేయించి, వీధులు తిరిగి అమ్ముకొచ్చి, ఎండ చల్లబడ్డాక ఇంటి బయటి మట్టిగోడ ముందు కూర్చునేది. పొయ్యి మసి, సున్నం, ఎర్రమన్ను, కాస్త నీలిమందు ఆమె రంగులు. నమిలి కుచ్చు చేసిన ఈతపుల్ల కుంచె. ఎద్దును వేస్తే కుక్కలా వచ్చేది. కొంగ మెడ ఎక్కడ ఆపాలో తెలియక సాగుతూనే పోయేది. దారినపోయేవాళ్ళు నిలబడి, "ఏమ్మా, ఇది కొంగా, బావి చేంతాడా?" అని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. లోపలికెళ్ళాక ఆ కొంగ మెడను నేలమీద వేలితో మళ్ళీ మళ్ళీ గీసుకునేది.

ఏటేటా వానాకాలం వచ్చి గోడను కడిగేసేది. రంగులన్నీ బురదై కాలవలోకి పోతుంటే దిగులేసేది. దాని వెనకే, ఎవరికీ చెప్పని ఊరట. తప్పులూ పోయాయి కదా. మళ్ళీ గోడ అలికి మొదలుపెట్టేది.

ఒక వేసవిలో ఆమె వాననే వేసింది. నల్లటి మబ్బు, దాని కింద గోనెసంచులు కప్పుకుని ఇళ్ళకు పరుగెత్తే జనం. చెయ్యి ఎలా కుదిరిందో ఆమెకే తెలియదు. ఎప్పుడూ ఎదురుతిరిగే పుల్ల ఈసారి మాట విన్నది. చూసినవాళ్ళు నవ్వలేదు.

"ఈ వంగి పరుగెత్తేది నేనే గదా!" అన్నాడు మగ్గం నేసేవాడు.

"అవును, నీ వంకరకాలే" అంది అతని భార్య.

మేకలు కాసుకునే ముసలాయన కూడా వచ్చి చూశాడు. గోనెసంచి కొసను పంటితో పట్టుకుని నడిచే ఆడమనిషి బొమ్మ దగ్గర ఆగిపోయాడు. చనిపోయిన ఆయన భార్య వానలో అట్లాగే నడిచేది. ఆ తర్వాత రోజూ మేకల్ని ఆ దారినే తోలుకెళ్ళాడు.

పొగడ్త ఆమెకు కొత్త. నిద్ర పట్టక పడుకుని, 'ఈ ఒక్క ఏడు వాన రాకపోతే బాగుండు' అనుకుంది.

వాన రాలేదు.

బావులు అడుగంటాయి. చేలల్లో విత్తనం విత్తినచోటే ఎండిపోయింది. జనం ఆ గోడ ముందు ఇంకా నిలబడుతున్నారు గానీ, చూపులు మారాయి. చివరికి ఊరిపెద్ద నలుగురితో వచ్చాడు.

"అమ్మా, నీ మీద కోపం కాదు. మబ్బు నీ గోడకు అంటుకుపోయిందని ఊరంతా అంటాండారు. తుడిచెయ్."

బొమ్మకూ వానకూ ఏం సంబంధమని ఆమె అడగొచ్చు. తను ఏం కోరుకుందో తనకు తెలుసు. అందుకే లేచి ఎర్రమన్ను తట్ట తెచ్చుకుంది.

ఇంటికో చెంబుడు నీళ్ళు తెచ్చిచ్చారు. ఆమె ఎర్రమన్ను కలిపి, మబ్బు దగ్గర మొదలుపెట్టి కిందికి అలుకుతూ వచ్చింది. మగ్గం నేసేవాడి కాలు పోయింది. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ముసలాయన ముందుకొచ్చాడు.

"అదొక్కటీ వదిలెయ్ తల్లీ."

"అట్లెట్ల పెద్దాయనా?" అన్నారు వెనకనుంచి. "ఆమె నెత్తిన కూడా వానే గదా."

ఆమె తల తిప్పలేదు. చెయ్యి దానిమీదుగా కూడా పోయింది.

అప్పటికీ వాన రాలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంటి ముందు మాత్రం తలవంచుకుని గబగబా నడిచేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ముసలాయన వచ్చి గడపలో కూర్చున్నాడు. "లోపలి గోడ మీద దాన్ని మళ్ళా గీయి. ఎవురికీ కనపడదు."

"లోపలికి వాన రాదు పెద్దాయనా. తప్పుగా గీస్తే ఎట్ల పోతాది?"

"తప్పుగానే గీయి. మా ఆమె బతికినన్నాళ్ళూ ఆమెలో తప్పులెతికినోణ్ణే నేను."

ఆమె పుల్ల అందుకుంది. చేతిలో పాత మొండితనం తిరిగొచ్చింది. ఒక కన్ను పైకి పోయింది. దవడ వాచినట్టు వచ్చింది. సంచి కొస పళ్ళకు అందలేదు. దిద్దేకొద్దీ ముఖం ఇంకా దూరం జరిగింది. ముసలాయన దగ్గరికొచ్చి చూశాడు. దూరంగా వెళ్ళి చూశాడు.

"ఇది మా ఆమె కాదు."

"తెలుసు."

"మరి ఎవురు?"

ఆమె పుల్ల కింద పెట్టింది. ఆయన కండువాతో కళ్ళొత్తుకుని మేకల్ని తోలుకుని వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడూ ఆ దారిన రాలేదు.

ఆ ఎవరో మనిషి గోడమీదినుంచి ఎగుడుదిగుడు కళ్ళతో ఆమెనే చూస్తోంది. తుడవడానికి చెంబులో కాసిని నీళ్ళున్నాయి. ఆమె ఆ నీళ్ళతో మన్ను తడిపింది. ఇంట్లో ఉన్న పొయ్యిని పగలగొట్టి, ఆ గోడకు పొగ తగలకుండా వాకిట్లో, నడి ఎండలో, కొత్త పొయ్యి వేసుకుంది.